ఎడమ వెనక చక్రం

ఎడమ వెనక చక్రంలో గాలి లేదని నా కారు గోల పెట్టడం మొదలై అప్పటికి చాలా నెలలయింది. స్టీరింగు వెనకాల చిన్న తెర, దాని మీద కారు బొమ్మ, బొమ్మకి నాలుగు చక్రాలు, ఒక్కో చక్రం పక్కన దాని గాలి ఎంతో చెప్పే అంకె. మూడింటి పక్కన బుద్ధిగా ముప్పై మూడో, ముప్పై నాలుగో ఉండేది. నాలుగోదాని పక్కన అంకె ఉండదు, రెండు గీతలుంటాయి. వాటికి తోడు పసుపుపచ్చ లైటొకటి. దిగి చూస్తే చక్రం రాయిలా ఉంటుంది. మళ్ళీ ఎక్కి కూర్చుంటే అదే పాట.

నన్ను చూస్తేనే పంక్చరు షాపాయనకి నవ్వొచ్చే స్థితికి వచ్చాం.

"మళ్ళీ వచ్చారా అమ్మా? మీ చక్రానికి ఏ రోగమూ లేదు. రోగం ఆ లైటుకి. దాని మీద ఓ ముక్క టేపు అంటించి పారెయ్యండి. కనబడకపోతే బాధే ఉండదు."

కనబడకుండా టేపు అంటించుకుని బతకడం మా ఇంట్లో వాళ్ళకి కొత్తేం కాదు. మా బావగారి పేరు మీద అలాగే అంటించేశారు.

మాది లాండ్రీ. లాడ్జీల దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్ళు, కర్టెన్లు మా దగ్గరికి మాసి వస్తాయి, మడతలతో వెళ్తాయి. ముందు షెడ్డు, వెనకాల ఇల్లు. అన్నదమ్ములిద్దరికీ ఒకే రోజు, ఒకే రంగువి, ఒకే రకం కార్లు కొన్నారు మామయ్య, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా అనే మాట రాకూడదని. మా ఆయనకి ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకునే అలవాటుంది. అందుకని రెండో కారు నా చేతికొచ్చింది. రెండు బళ్ళూ పక్కపక్కన నిలబెడితే ఏది ఎవరిదో మాకే తెలిసేది కాదు. ఒకదాని వైపరు ఇంకోదానికి, ఇంకోదాని అద్దం దీనికి, అవసరాన్ని బట్టి మారిపోతుండేవి.

కిందటి వానాకాలంలో మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, ఒక లాడ్జీ కర్టెన్‌ని ఇస్త్రీలో కాల్చేసింది. మామయ్య పనివాళ్ళందరి ముందూ ఒంటికాలి మీద లేచారు. పెంపకం దాకా వెళ్ళింది మాట. ఎన్నడూ తండ్రి ముందు నోరు మెదపని బావగారు ఆ రోజు మెదిపారు. "ఆవిడకి ఇక్కడ మర్యాద లేనప్పుడు నాకూ అక్కర్లేదు. మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కను" అని, దుప్పట్ల మూటలు కారులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ పూట ఇవ్వాల్సిన లాడ్జీలన్నిటికీ దుప్పట్లు అందాయి. బావగారు మాత్రం రాలేదు. సాయంత్రం నుంచి కుండపోత వాన.

ఫోన్ మూగబోయింది. అక్క పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, చెప్పే వెళ్ళిన మనిషిని ఏం వెతుకుతామమ్మా, కోపం తగ్గాక ఆయనే వస్తాడన్నారు. ఎవరో ఎక్కడో చూశామన్నారు. ఇంకెవరో, ఒక్కడే కాదు, పక్కన ఎవరో ఉందన్నారు. ఆ మాట విన్న రోజు మామయ్య అందరినీ కూర్చోబెట్టి, ఇక ఈ ఇంట్లో వాడి పేరెత్తడానికి వీల్లేదన్నారు. పారిపోయినవాణ్ణి ఊరూరా వెతికాం గానీ, ఇంటి పక్కన ఎవరైనా వెతుకుతారా?

అక్క మాత్రం పేరెత్తకుండానే ఎదురుచూసింది. రోజూ సాయంత్రం షెడ్డు తలుపు ఒక రెక్క తెరిచే ఉంచేది. అత్తయ్య ఆ రెక్క వైపు చూసి, "సరిగ్గా చూసుకుంటే మగవాడు ఎందుకు పోతాడు" అని గోడకి చెప్పేది. గోడకి చెప్పినా తగలాల్సిన వాళ్ళకి తగిలేది. ఎండలు మొదలయ్యాక మామయ్య ఆఖరి మాట చెప్పేశారు. వానలు పడేలోగా అక్క తమ్ముడొచ్చి ఆమెని తీసుకెళ్ళాలి. మొగుడు వదిలేసిన మనిషిని ఎన్నాళ్ళని పెట్టుకుంటాం, ఆవిడకి మాత్రం ఏం బాగుంటుంది అని ఆయన వాదన. తమ్ముడు సరేనన్నాడు. ఆయన వదిలేశాడన్న మాట మాత్రం అక్క నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఇదీ ఆ ఎండాకాలం మొదట్లో మా ఇంటి పరిస్థితి.

*

ఊళ్ళోంచి మా ఇంటికి వచ్చే దారిలో, మా సందు ఇంకో నిమిషంలో వస్తుందనగా ఒక మలుపుంది. మలుపు పక్కన పాత రాళ్ళ క్వారీ. తవ్వడం ఎప్పుడో మానేశారు, గొయ్యి మిగిలింది. వానాకాలంలో అంచు దాకా నిండి, నాచు పట్టి, పచ్చగా నిశ్శబ్దంగా ఉంటుంది. రోడ్డుకీ దానికీ మధ్య ముళ్ళపొదలు తప్ప వేరే అడ్డం లేదు.

ఒక మిట్టమధ్యాహ్నం మాసిన మూటలతో వస్తున్నాను. ఎండకి రోడ్డు మీద మనిషి లేడు. మలుపు తిరుగుతుంటే కారు టింగుమంది. తెర మీద చూద్దును కదా, ఎడమ వెనక చక్రం పక్కన రెండు గీతలు లేవు. పద్నాలుగు అని అంకె ఉంది.

అన్ని నెలల్లో ఆ చక్రం ఒక్క అంకె కూడా చెప్పలేదు. బండి పక్కకి తీసి దిగాను. కాలితో తన్నాను, చేత్తో నొక్కాను. ఎప్పట్లాగే రాయి. పద్నాలుగే ఉంటే టైరు రోడ్డుకి అతుక్కుపోయి ఉండాలి. లేచి నిలబడ్డాను. గాలి లేదు, పిట్ట కూత లేదు. వెనక నుంచి ఎవరో ఏదో అనబోయి ఆగినట్టనిపించి తిరిగి చూశాను. కారు లోపల తెల్లటి మూటలు, అంతే. గబగబా ఎక్కి తలుపేసుకున్నాను.

మలుపు దాటగానే అంకె పోయి గీతలొచ్చాయి.

మా ఆయనకి చెప్పాను. "ఎండదెబ్బ. నీకో, కారుకో" అన్నాడు.

"నువ్వొచ్చి చూడు."

వచ్చాడు. ఒకటికి మూడుసార్లు అటూ ఇటూ తిప్పాను. గీతలు గీతల్లాగే ఉన్నాయి. "నేనున్నానని సిగ్గుపడుతోందేమో" అని పగలబడి నవ్వాడు. మర్నాడు నేనొక్కదాన్నే వస్తుంటే, సరిగ్గా అక్కడే, టింగు. పదమూడు.

అప్పట్నుంచి అది నాతో దాగుడుమూతలాడింది. నాలుగు రోజులు చప్పుడు చెయ్యదు. ఐదో రోజు పలుకుతుంది. నేను రేడియో పెట్టుకుంటే పలకదు, నోరు మూసుకుని వెళ్తుంటే పలుకుతుంది. ఇదంతా నా భ్రమేనని తెలుసు, అయినా రేడియో కట్టేయడం అలవాటైపోయింది. పలికిన ప్రతిసారీ అంకె కాస్త దిగి ఉంటుంది. ఒకసారి మలుపులో బండి ఆపేసి, తెరని చూస్తూ, "ఏం కావాలి నీకు?" అని పైకే అడిగాను. నా గొంతు నాకే వింతగా వినిపించి, అప్పటికప్పుడు గేరు వేసి ఇంటికొచ్చి పడ్డాను.

చుట్టుదారి ఒకటుంది, క్వారీ తగలకుండా. ఓ వారం ఆ దారిన తిరిగాను. గీతలు కదల్లేదు. భయం పోవాలి కదా, పోలేదు. ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో లేచి వచ్చేసినట్టు మనసంతా పీకుతుండేది. వారం తిరిగేసరికి నేనే మళ్ళీ మలుపు దారి పట్టాను.

*

అత్తయ్యని కళ్ళ డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నాను ఒక రోజు. నా పక్కన ముందు సీట్లో కూర్చుంది. పిల్లలు సరిగ్గా చూడరనీ, ఎండలు కిందటేటికంటే ముదిరాయనీ, డాక్టరు కుర్రాడికి మాట తీరు తెలియదనీ ధాటిగా మాట్లాడుతోంది. మలుపు రాగానే కారు టింగుమంది.

"ఏమిటే ఆ మోత?"

"టైరు గురించిలెండి అత్తయ్యా. ఉత్తుత్తి మోత."

"పెద్దాడు బెల్టు పెట్టుకోకపోతే వాడి బండీ ఇలాగే..." అని, చటుక్కున పెదవి కొరుక్కుంది. ఇన్ని నెలల్లో ఆవిడ నోట కొడుకు మాట రావడం అదే మొదలు. నేను విననట్టు రోడ్డు వంక చూశాను.

చాలా చిన్న గొంతుతో, "ఇక్కడే ఎందుకు మోగింది?" అంది.

"తెలీదు అత్తయ్యా."

ఆవిడ మెడ తిప్పి ఆ ముళ్ళపొదల్నే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక తలనొప్పని పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు షెడ్డు తలుపు రెక్క తీసి ఉంటే, మొదటిసారి గోడతో ఏమీ చెప్పలేదు.

అప్పుడిక టేపులూ, తన్నడాలూ లాభం లేదని కారు కొన్న షోరూముకే తీసుకెళ్ళాను.

అక్కడి మెకానిక్ మాటకారి. ఏదో పరికరం పట్టుకుని చక్రం చక్రం దగ్గరా వంగి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసి, లేచాడు.

"మేడమ్, మూడు చక్రాలు మీవే. ఈ ఎడమ వెనకది మీది కాదు."

"నా కారుకున్నది నాది కాకుండా ఎవరిది?"

"అదే చెబుతున్నా. ప్రతి చక్రం లోపలా గింజంత యంత్రం ఉంటుంది. దానికో నంబరు. గాలి ఎంతుందో అదే కారుకి చెబుతుంది. మీ కారుకి ఈ చక్రం కొత్త, దీని మాట వినదు. పాత చక్రం ఏమైపోయిందా అని దాని కోసమే చూస్తోంది. దొరక్క గీతలు పెడుతోంది. ఎవరో చక్రం మార్చారు, కారుకి చెప్పడం మర్చిపోయారు. మామూలే, రోజుకి పది వస్తాయిలాంటివి."

"మరి ఒక్కోసారి అంకె చూపిస్తుందే?"

"అప్పుడు మీ పాత చక్రం దగ్గర్లోనే ఎక్కడో ఉన్నట్టు. ఎవరికన్నా ఇచ్చారా? ఏ పెరట్లోనో పడేసి ఉంటారు. కదలకుండా పడున్నది ఊరికే మాట్లాడదు, ఉండుండి ఓ కేక వేస్తుంది. ఆ టైముకి మీరు పక్కనుంటే వినబడుతుంది. మట్టిలో పూడ్చారో, నీళ్ళలో పడేశారో, అసలు గొంతే లేవదు." తన మాటకి తనే నవ్వాడు. "రెండు నిమిషాలు కూర్చోండి. ఈ చక్రం నంబరు ఎక్కించేస్తా. ఇక ఆ పాతదాని గోల మీ కారు ఎప్పటికీ వినదు."

నేను సరేననడానికి నోరు తెరిచాను. ఎండాకాలమంతా నేను కోరుకున్నది అదే. కానీ నోట్లోంచి, "వద్దు, రేపొస్తాను" అని వచ్చింది. ఎందుకన్నానో నాకప్పటికి తెలీదు. పరికరం కారుకి తగలకముందే తాళాలు అందుకుని వచ్చేశాను.

*

ఇంటికొచ్చేసరికి అక్క ఒక్కతే షెడ్డులో మడతలు పెడుతోంది. పెద్ద దుప్పట్లకి ఇద్దరు కావాలి. ఆ కొసన ఆమె, ఈ కొసన నేను. లాగి పట్టి, దులిపి, ఒకళ్ళకొకళ్ళు ఎదురు నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి నడుస్తాం. ఏళ్ళ తరబడి చేసిన పని, చేతులు వాటంతటవే చేస్తాయి.

"అక్కా, నా కారు చక్రం ఎవరైనా మార్చారా?"

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా. ఎడమ వెనకది. అది నా కారుది కాదట."

దుప్పటి రెండోసారి మడతేసి ఎదురొచ్చాం. ఆమె నా చేతిలోంచి కొసలు తీసుకోలేదు.

"ఆయన మార్చారు," అంది. తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "ఆ రోజే. గొడవకి ముందు, తెల్లారగట్ట. నీ బండి చక్రం రాత్రికి రాత్రే గాలి దిగిపోతోందని, తన బండిది తీసి నీకు పెట్టారు. నీదాన్ని తనకి పెట్టుకున్నారు. 'ఆ అమ్మాయి ఇవాళ కొండమీది హోటల్‌కి వెళ్ళాలి, నాకేం, ఊళ్ళోనేగా, దారిలో పంక్చరు వేయించుకుంటాలే' అన్నారు. జాకీ నేనే పట్టుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఎవరు అడిగారు? ఆయన మాట ఎత్తనిచ్చారా నన్ను?"

నిజమే. ఇన్ని నెలలు నేను పంక్చరు షాపాయన్ని అడిగాను, మా ఆయన్ని అడిగాను, కారునే అడిగాను. ఇంట్లో చక్రాలు మార్చే అలవాటున్న మనిషి ఒక్కరే. ఆయన పేరు ఎత్తకూడదు కాబట్టి ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు.

దుప్పటి నా చేతుల్లో బరువెక్కింది. ఆ చక్రం ఎక్కడ పలుకుతోందో నాకు తెలుసు. చెప్పాలి. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. పెద్దగా ఏడవాలనిపించింది గానీ, ఏడవాల్సిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"అక్కా, నా పాత చక్రం క్వారీ మలుపు దగ్గర మాట్లాడుతోంది," అన్నాను.

మెకానిక్ చెప్పిందంతా చెప్పాను. కేక సంగతి, నీళ్ళ సంగతి. అయిపోయాక నా చేతిలోంచి కొసలు తీసుకుని, ఆ దుప్పటి మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, చేత్తో సాపు చేసింది.

"నన్ను తీసుకెళ్ళు," అంది.

మలుపులో బండి ఆపి, ఇంజను ఆపకుండా కూర్చున్నాం. ఎండ ఇంకా తగ్గలేదు. గీతలు. చాలాసేపు గీతలే. ఈ రోజు పలకకూడదని మనసులో మొక్కుకున్నాను. అక్క కళ్ళార్పకుండా ఆ తెరనే చూస్తోంది.

టింగు.

పదకొండు.

అక్క వేలు చాపి ఆ అంకెని తాకింది. తాకితే మాసిపోతుందేమోనన్నంత మెల్లగా.

"ఇది ఆ చక్రంలో గాలేనా?"

"ఆఁ."

"అయితే అది ఆయన కొట్టించిన గాలే," అంది. తలుపు తీసుకుని దిగింది.

ముళ్ళు చీరకి పట్టుకుంటున్నా ఆగలేదు. నేను వెనకాలే పరిగెత్తాను. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి, ఎండలు గొయ్యిని తాగేశాయి. అంచు దాకా ఉండే నీళ్ళు ఎంతో కిందకి దిగిపోయాయి. గోడ మీద నీటి మచ్చ తెల్లటి గీతగా మిగిలింది. మా కాళ్ళ కిందే, రోడ్డుకి దగ్గరగా, రాళ్ళు కొట్టేవాళ్ళు వదిలేసిన మెట్టు లాంటి చదును ఒకటి నీళ్ళలోంచి తేలుతోంది. ఆ అంచున, నాచు పట్టిన ఒక టైరు, సగం పైకి, సగం లోపల.

అక్క అరవలేదు. కింద కూర్చుని, తలకి చెంగు కప్పుకుని, "ఇంత దగ్గరా," అంది.

*

క్రేన్ వచ్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. పోలీసులు తాడు కట్టారు. మా లాండ్రీ పనివాళ్ళు, పంక్చరు షాపాయన, రోడ్డున పోయేవాళ్ళు, అందరూ చేరారు. పైకి లేస్తున్నకొద్దీ కారులోంచి నీళ్ళు ధారలు కట్టాయి. నా కారుకి కవల. లోపల బావగారున్నారు. అంతకంటే నేను చెప్పను.

ఆ చక్రం నాది. నా చక్రం తను పెట్టుకుని, తన చక్రం నాకు పెట్టి వెళ్ళారు. దానివల్లే పడ్డారా అని నేను ఏడుస్తుంటే మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. "రాత్రికి రాత్రే దిగిపోయే చక్రంలో ఇన్నాళ్ళకీ గాలుందంటే అన్నయ్య పంక్చరు వేయించినట్టేగా. చక్రం బాగానే ఉంది. వాన, చీకటి, అంతే" అన్నాడు. లారీ చూస్తే కళ్ళు మూసుకునే మనిషి, ఆ రోజు క్రేన్ దగ్గర్నుంచి ఒక్క అడుగు కదల్లేదు. ఆ మాట నేను నమ్మాను. ఇప్పటికీ రోజుకోసారి నమ్ముతాను.

మామయ్య దూరంగా నిలబడ్డారు, కర్రలా. ఇన్‌స్పెక్టర్ ఆయన దగ్గరికొచ్చి, బండి జారి కిందకి దొర్లినట్టుందనీ, దొర్లుతూ తిరిగిపోయింది కాబట్టి అప్పుడు ఎటు వెళ్తున్నదీ చెప్పలేమనీ అన్నాడు.

"చెప్పడానికేముంది," అన్నారు మామయ్య. "రానని చెప్పి పోయాడు. పోతూ పోతూ పడ్డాడు."

ఆ మాటకి అక్క తలెత్తింది. రాత్రంతా ఏడవని మనిషి ముఖం అప్పుడు ముడుచుకుపోయింది. నాకు అర్థమైంది. చచ్చిపోయి దొరికినా ఆయన ఇంకా ఆమెని వదిలేసినవాడే. మామయ్య అలా అనడానికి కారణం కూడా నాకర్థమైంది. వెళ్ళిపోతూ పడ్డాడనుకుంటే, కొడుకు తన మీద కోపంతోనే పోయాడని ఒక్కటే బాధ. వస్తూ పడ్డాడనుకుంటే, ఇన్ని నెలలు తిట్టిన తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోవాలి?

నేను తాడు దాటి కారు దగ్గరికెళ్ళాను. ఎవరో వద్దన్నారు. అప్పటికి బావగారిని తీసుకెళ్ళిపోయారు. పగిలిన కిటికీలోంచి లోపలికి చూశాను. ఆ బండి నాకు కొట్టిన పిండి, కళ్ళు మూసుకుని నడపగలను. బురదలో గేరు, బురదలో పెడళ్ళు. స్టీరింగు పక్కన ఇండికేటరు పుల్ల వేసి ఉంది. ఎడమవైపుకి.

మా ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. బావగారు ఎక్కడ తిరగాలన్నా అరమైలు ముందే ఇండికేటరు వేసేవారు. ఊళ్ళోంచి బయల్దేరేటప్పుడే వేసుకుని వస్తారేమో అని మా ఆయన ఏడిపించేవాడు. ఇంటి నుంచి ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళకి ఆ చుట్టుపక్కల ఎడమకి దారే లేదు. ఊళ్ళోంచి వచ్చేవాళ్ళకి ఎడమకి ఉన్నదల్లా ఒక్క మా సందే.

"అక్కా, ఇలా రా."

వచ్చింది. చూపించాను. "ఆయన ఎడమకి ఇండికేటరు వేశారు."

"అంటే?" ఆమెకి బండి నడపడం రాదు.

"మన సందులోకి తిరగబోతున్నారక్కా. ఇంటికొస్తున్నారు."

మామయ్యకి వినబడింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, మా ఇద్దరి మధ్య నుంచి లోపలికి వంగి చూశారు. ఆయనకి బండి సంగతులు నాకంటే బాగా తెలుసు. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. అక్క ఆయన మోచెయ్యి కింద చెయ్యి వేసి పట్టుకుంది.

ఆయన్ని అలా పట్టుకునే, అక్క నా వైపు తిరిగింది.

"మా తమ్ముడికి ఫోన్ చెయ్యి," అంది. "నన్ను తీసుకెళ్ళడానికి రానక్కర్లేదని చెప్పు. ఆయన ఇంటికొచ్చేశారని చెప్పు."